పేరు లేని ఆశీర్వచనము

అమెరికా దేశమున చీనా భోజనశాలకు పోయినవారికి భోజనము ముగిసిన పిమ్మట, చెల్లింపవలసిన బిల్లుతో పాటు, మడిచిన చిన్న తీపి బిస్కత్తు నొకదానిని ఇచ్చు వాడుక కలదు. దానిని ఫార్చ్యూన్ కుకీ అందురు. గోధుమపిండి, చక్కెర, గ్రుడ్డులోని తెల్లసొన, వెన్నయో నూనెయో కలిపిన జారుపిండిని పలుచని బిళ్ళగా కాల్చి, వేడి ఆరకముందే అందొక కాగితపు చీటి నుంచి, రెండు మడతలు పెట్టుదురు. చల్లారగానే అది పెళుసుబారును. విరిచినచో చీటి బయటపడును. చీటిపై ఒక వాక్యము ఉండును: నీకు మంచి రోజులు రానున్నవనియో, ఓర్పు ఫలించుననియో, నీ చిరునవ్వే నీ సంపద యనియో. తిన్నవారు దానిని చదివి, ప్రక్కవారికి వినిపించి, నవ్వి, బల్లపై విడిచి పోవుదురు.

మన దేశపు నగరములలోని కొన్ని చీనా భోజనశాలలందును ఇప్పుడిది కనిపించుచున్నది. అమెరికాలో చదువుచున్న మన పిల్లలకు ఇది చిరపరిచితము. ఒక తీపి బిళ్ళపై వాదమెందుకని చదువరులు అడుగవచ్చును. మా వాదము బిళ్ళపై కాదు, అందలి చీటిపై. ఎవరు చెప్పినదో తెలియక, ఎవరికి చెప్పినదో తెలియక తిరుగు మాట ఆశీర్వచనము కానేరదనియు, అట్టి మాటను తన పేర చెల్లుబడి కానిచ్చిన జనము తుదకు తన పేరునే పోగొట్టుకొనుననియు మా యభిప్రాయము. తాతముత్తాతల నాడే ఊరు విడిచి పరభాషల నడుమ స్థిరపడిన మనవంటివారు ఈ చీటి కథను తెలిసికొనవలసిన అవసరము కలదు.

మొదట దీని పుట్టుక మాట. అమెరికావారు పెక్కురు దీనిని చీనావారి ప్రాచీన జ్ఞానముగా ఎంచుదురు. లోని వాక్యమును కన్ఫ్యూషియసు మహాశయుని సూక్తిగా చెప్పుకొని ముచ్చటపడుదురు. చీనాదేశమున ఈ బిస్కత్తు వాడుకయే లేదు. న్యూయార్కులోని వాంటన్ ఫుడ్ అను సంస్థ 1990 దశకపు తొలినాళ్ళలో దీనిని అక్కడ అమ్మజూచి, అక్కడివారికి ఇది అమెరికా వస్తువుగానే తోచుటచే, ఆ యత్నమును విరమించుకొన్నది.

దీని పుట్టినిల్లు జపాను. క్యోటో నగరమున ఫుషిమి ఇనారి ఆలయ పరిసరములందు ‘త్సుజియురా సెంబే’ అను బిస్కత్తులను ఇనుప అచ్చులలో చేతితో కాల్చు దుకాణములు కలవు. ఆ బిస్కత్తులు అమెరికా బిళ్ళకంటె పెద్దవి, ముదురు రంగువి. నువ్వులును, మిసో అను పులియబెట్టిన సోయా ముద్దయు చేరుటచే వానిలో తీపి కొంచెమే. చీటి లోపల దాగి యుండదు. మడత సందున బయటికి కనబడుచు చిక్కుకొని యుండును. యాసుకో నకమాచి అను జపాను పరిశోధకురాలు 1878 నాటి యొక పుస్తకములోని బొమ్మను వెలికి దీసిరి. అందొక పనివాడు నిప్పులపై అచ్చులనుంచి ఈ బిస్కత్తులనే కాల్చుచున్నాడు. అమెరికాలో దీనిని మొదట చేసినది తామే యని వాదించుకొనువారి కథలన్నియు ఆ బొమ్మకు తరువాతివే.

త్సుజి యనగా కూడలి. ఉర యనగా శకునము. సందెవేళ నాలుగు దారులు కలియు చోట నిలిచి, దారినపోవువారి నోట చెవినిబడిన మాటను తన ప్రశ్నకు బదులుగా గ్రహించుట పూర్వపు జపానువారి ఆచారము. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. సంస్కృతమున దీనికి ఉపశ్రుతి యని పేరు. సందెవేళ తథాస్తు దేవతలు తిరుగుచుందురు, చెడుమాట అనకుమని మన యిండ్లలో పెద్దలు పిల్లలను మందలించుటయు ఇట్టి నమ్మకమునకు తోబుట్టువే. ఆ నమ్మకము నిజమా కాదా యన్నది వేరు విచారణ. దానిలో అడిగిన మనిషి యొకడున్నాడు, అతని ప్రశ్న యున్నది, వినబడిన గొంతు ఉన్నది. అమెరికా చీటిలో ఈ మూడింటిలో ఒక్కటియు లేదు.

ఈ బిస్కత్తు వలసవచ్చిన జపానువారితో సముద్రము దాటినది. సాన్‌ఫ్రాన్సిస్కో నగరపు గోల్డెన్ గేట్ పార్కులో 1894 నాటి ప్రదర్శనకై ఏర్పడిన జపాను టీ తోటను మకోటో హగివర అను వలసదారుడు పెంచి పోషించెను. అతిథులకు టీతో పాటు ఈ బిస్కత్తుల నిచ్చినది అతడే మొదటివాడని ఆ నగరమువారి వాదము. అతనికి వానిని చేసి యిచ్చినది 1906లో వెలసిన బెంక్యోడో అను మిఠాయి దుకాణమని చెప్పుదురు. ఆ దుకాణము 2022లో మూతబడినది. లాస్ ఏంజెలెస్ వారు దీని కొప్పుకొనరు. డేవిడ్ జంగ్ అను చీనా వలసదారుడు 1918లో తమ యూర మొదట చేసెనని వారందురు. 1983లో సాన్‌ఫ్రాన్సిస్కోలో వినోదమునకై ఒక చారిత్రక న్యాయస్థానమును కూర్చి, ఈ వ్యాజ్యమును విచారించి, తీర్పును తమ యూరికే ఇచ్చుకొన్నారు.

వ్యాజ్యములోని వినోదము అట్లుండనిండు. ఏ ఊరు ముందన్న తగవున కానరాని సంగతి యొకటి కలదు. 1941 డిసెంబరులో జపాను సేనలు పెర్ల్ హార్బరుపై దాడి చేసినవి. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్టు 9066వ ఉత్తర్వుపై సంతకము చేసెను. దాని ఫలితముగా సుమారు 1,20,000 మంది జపాను సంతతివారు ఇల్లు, దుకాణము, పొలము విడిచి ముళ్ళకంచెల శిబిరములకు తరలింపబడిరి. వారిలో మూడింట రెండు వంతులు అమెరికాలోనే పుట్టిన పౌరులు. హగివర కుటుంబము తోటలోని తమ యింటిని విడిచిపోయెను; మరల ఆ యింట కాపురముండుట వారికి కలుగలేదు. తోట పేరులోని ‘జపాను’ అను మాటను తీసివేసి ‘ఓరియంటల్ టీ తోట’ అనిరి. అసలు పేరు తిరిగి వచ్చినది 1952లో. జపానువారి దుకాణములు మూతబడిన ఆ యేండ్లలో చీనావారు ఈ బిస్కత్తులను విరివిగా చేయసాగిరి. యుద్ధమునుండి తిరిగి వచ్చుచు కాలిఫోర్నియాలో వీనిని రుచిచూచిన సైనికులు తమ తమ యూళ్ళ చీనా భోజనశాలలందు ఇవి కావలెనని అడుగసాగిరి. ఒక తరమైనను గడవకమున్నే జపానువారి బిస్కత్తు ప్రాచీన చీనా జ్ఞానమైనది. భవిష్యత్తు చెప్పునని పేరుబడిన ఆ చీటి, 1942 వసంతమున తన్ను మడిచిన చేతులకు మాత్రము రాబోవు కీడును చెప్పలేదు.

చీనావారిని మేము నిందింపము. చీనా కూలీల రాకనే 1882లో చట్టము చేసి నిషేధించిన దేశమది. ఆ చట్టము 1943 వరకు రద్దు కాలేదు. అట్టిచోట పెక్కురకు మిగిలిన బ్రతుకుతెరువులు బట్టలుతుకుటయు, వంట చేయుటయు. భోజనము చివర తీపి యేదని అడిగినవారికి తీపి నిచ్చిరి. తూర్పుదేశపు జ్ఞానము కావలెనన్నవారికి జ్ఞానము నిచ్చిరి. తప్పు అడిగిన తీరులో నున్నది. పొరుగువాని కష్టమును గాని చరిత్రను గాని వినగోరక, వానినుండి వ్రేలెడు కాగితమంత జ్ఞానమును మాత్రము, అదియు తన భాషలో, తన మనసుకు నచ్చునట్లు కోరుట గౌరవపు వేషము వేసికొన్న అనాదరము.

ఇక చీటి వ్రాయువారి మాట. వాంటన్ ఫుడ్ సంస్థ రోజునకు 40 లక్షలకు పైగా బిళ్ళలను చేయును. ఏటేట లోకమున తయారగునవి సుమారు 300 కోట్లని జెన్నిఫర్ 8. లీ అను రచయిత్రి 2008లో ఈ విషయముపై ప్రకటించిన గ్రంథమున అంచనా వేసిరి. ఆ సంస్థకు ముప్పది యేండ్లు చీటీలు వ్రాసినవారు డోనాల్డ్ లౌ. ఆయన అంతకుముందు బ్యాంకు ఉద్యోగి. అక్కడివారిలో తన ఆంగ్లము మెరుగగుటచే ఆ పని తనకు వచ్చినదని ఆయన దాపరికము లేక చెప్పినారు. 2017లో, వ్రాయుటకు మాటలు తోచుట లేదని, ఆ పనినుండి తప్పుకొన్నారు. ఆయన నిజాయితీ మెచ్చదగినది. మాట తోచని దినమున పీఠము దిగవలెనను సంగతిని మన వేదికలపై కూర్చుండువారును నేర్చుకొనిన బాగుండును.

అయితే ఆ పని స్వభావమును గమనింపుడు. పెండ్లి కుదరని పిల్ల, అప్పులపాలైన తండ్రి, పరీక్ష తప్పిన కుర్రవాడు, మొన్ననే భర్తను పోగొట్టుకొన్న ఇల్లాలు, వీరిలో ఎవరి చేత ఏ చీటి పడినను నొప్పి కలుగరాదు. అందుచే వాక్యములోని ఎముకలన్నియు ముందే తీసివేయవలసి యుండును. 2007లో ఆ సంస్థవారు కొంత చేదు కలిసిన మాటలను చీటీలలో వేసి చూచిరి. కొందరు గిరాకీదారులు కోపించిరి. తినువాడు మెచ్చుకోలును తన హక్కుగా ఎంచుకొన్న పిదప, చీటికి నిజముతో పనియేమి?

చీటి వెనుకవైపున ఆరు అదృష్టసంఖ్యలను అచ్చువేయు వాడుకయు కలదు. 2005 మార్చి 30న పవర్‌బాల్ అను అమెరికా లాటరీలో రెండవ బహుమతి 110 మందికి వచ్చినది. మామూలుగా నలుగురైదుగురకు మించి రాని బహుమతి యది. మోసమేదో జరిగినదని అధికారులు శంకించిరి. విచారింపగా, ఫార్చ్యూన్ కుకీలో వచ్చిన అంకెలనే వేసితిమని గెలిచినవారు చెప్పిరి. ఆ అంకెలు 22, 28, 32, 33, 39, 40. వానిలో మొదటి అయిదును కుదిరినవి. ఆరవది 42 కావలసియుండెను. పెక్కురకు లక్ష డాలర్లు, కొందరకు అయిదు లక్షలు ముట్టినవి. ఇది చీటి మహిమకు సాక్ష్యమని సంతోషించువారు సంతోషింపవచ్చును. మాకు ఇందు వేరొకటి కనబడుచున్నది. నీ కొక్కనికే వచ్చిన భాగ్యమన్నట్లు అందించిన చీటి, దేశము నాలుగు చెరగులను ఒకే అచ్చుతో ఎందరి చేతికో పోయినదని ఆనాడు లెక్కతో సహా తేలినది. అంకెలు గనుక పట్టుబడినవి. ముందువైపు వాక్యములను పట్టి యిచ్చు లాటరీ యేదియు లేదు.

మన ఎరుకలసాని సోదె మాత్రము నిజమా యని అడుగువారుందురు. నిజమని మేము వాదింపము. కాని ఎరుకలసాని గడపవద్ద కూర్చుండి చేయి పట్టుకొనును, ముఖము చూచును, దేవతలను తలచుకొనును, ఇంటివారి బాగోగులు విచారించును. చెప్పినది తప్పినచో మరుసటి యేడు అదే వీధిలో అడుగు పెట్టవలెనను జంకు ఆమెకు కలదు. ఉగాదినాటి పంచాంగ శ్రవణమున ఆదాయముతో పాటు వ్యయమును, రాజపూజ్యముతో పాటు అవమానమును చదువుదురు. ఆనాటి పచ్చడిలో బెల్లముతో పాటు వేపపువ్వును చేర్చనిదే మన యిండ్లలో సంవత్సరము మొదలు కాదు. జపాను ఆలయములలో భక్తులు తీయు ఒమికుజి యను చీటీలలోను కీడును చెప్పునవి యుండును. అట్టిది వచ్చినవారు దానిని ఆలయ ప్రాంగణమున కట్టి విడిచిపోవుదురు. కీడు చెప్పు ధైర్యము లేని నోటికి మేలు చెప్పు అధికారము ఎక్కడిది?

మరియొక భేదము కూడ చెప్పవలసి యున్నది. మన పంక్తిభోజనములలో తిన్నవాడు పెట్టినవానిని దీవించును. అన్నదాతా సుఖీభవ యని విస్తరి ముందునుండి లేచును. అమెరికా భోజనశాలలో పెట్టినవాడే తిన్నవానికి దీవెనను బిల్లుతో కలిపి అందించును. పొయ్యి వద్ద నిలిచినవాని మేలును కోరు చీటి యే బిళ్ళలోను రాదు.

అది క్షణకాలపు వినోదము, అందుకింత దండకమా యని సౌమ్యులు కొందరు మమ్ము వారింపవచ్చును. నవ్వుతో మాకు వైరము లేదు. చీటి చదివి నవ్వుకొనిన కుటుంబమును మేము తప్పుపట్టము. ఆ నవ్వు చాలునని తృప్తిపడుట మాత్రము ప్రమాదము. అది అమెరికాకు పరిమితమైన ప్రమాదమును కాదు.

బళ్ళారి, కోలారు, హోసూరు, మధుర, బరంపురము, పర్లాకిమిడి, షోలాపురము, ముంబయి, పుదుచ్చేరి పాలనలోని యానాము: ఈ సంచికను చేతబట్టిన కుటుంబములలో పెక్కింటికి ఇవే సొంత యూళ్ళు. షోలాపురపు దుప్పటిని దేశమంతయు మెచ్చినది. దానిని నేసిన మగ్గముల వెనుక తెలుగు పద్మశాలీలు ఎందరో యుండిరి. దుప్పటి కప్పుకొన్నవారిలో ఆ నేతగాని యింటి భాష యేదని అడిగినవారెందరు? ముంబయిలోని కామాఠీపురము నిజాము రాజ్యమునుండి కూలిపనికి పోయిన తెలుగు కామాఠీల పేర వెలసినది. ఆ పేరు వినగానే నేడు లోకమునకు తోచునది పిమ్మటి కాలపు అపకీర్తియే. నగరమును కట్టిన ఆ చేతులు ఎవరికిని గుర్తునకు రావు. ఒక తోట పేరును తుడిచివేసిన కథ మనకు మరీ దూరపుది కాదు.

పొరుగువారు మనలను మరచుట ఒక యెత్తు. మన భాషను మనమే చీటీలుగా కత్తిరించుకొనుట మరియొక యెత్తు. మన సంఘముల ఆహ్వానపత్రికలను చూడుడు. పైన తెలుగును పొగడు పద్యపాద మొకటి యుండును, కొన్నింట అదియు ఆంగ్లాక్షరములలో. క్రింద తక్కిన సమస్తము వేరొక భాషలో. వేదికపై భాషామాధుర్యమును గూర్చి రెండు నిమిషముల ప్రశంస. వేదిక దిగిన పిమ్మట పిల్లలతో తెలుగు పలుకు లేదు. పండుగనాడు ఎవరో చేసిన రంగుల శుభాకాంక్షల బొమ్మ చేతిఫోనులోనికి వచ్చును. దానినే నూరుగురకు పంపుదుము. పంపినవాడు చదువడు, పుచ్చుకొన్నవాడు చదువడు. ఇది ఫార్చ్యూన్ కుకీ గాక మరేమి? దానిలో తినుటకు తీపియైన నుండును.

మన పెద్దల ఉత్తరములు ఇట్టివి కావు. చిరంజీవి ఫలానావానికి ఆశీర్వదించి వ్రాయునది యని అవి మొదలగును. ఆ మాటలును పోతపోసిన మాటలే, కాదనము. అయితే ఫలానా యన్నచోట ఒక పేరుండెను, క్రింద ఒక చేవ్రాలుండెను. నడుమ, వాన కురియలేదనియు, అమ్మమ్మకు కీళ్ళనొప్పి తగ్గలేదనియు, అప్పు ఇంకను తీరలేదనియు, రెండు మాసములుగా నీవు ఉత్తరము వ్రాయలేదనియు ఉండెను. ఆ నిష్ఠూరము ఉండుటచేతనే చివరి దీవెన నమ్మదగినదయ్యెను.

ఇచ్చట మనవారే ఒక ఆక్షేపణ చెప్పుదురు. పిల్లలకు తెలుగు లిపి రాదు. బడిలో తెలుగు లేదు, లేదా తరగతి తరువాత తరగతిగా తరిగిపోవుచున్నది. ఇట్టి దినములలో చీటియంత తెలుగైన మిగులుట మేలు కాదా యని. వారి బాధ మాకు తెలియును. తమిళనాడున 2006 నాటి చట్టము తమిళమును పదవ తరగతి వరకు అంచెలంచెలుగా తప్పనిసరి చేసిన పిదప, అక్కడి అల్పసంఖ్యాక భాషలవారు తమ భాషకు బడిలో చోటుకై ఎంత తిరుగవలసి వచ్చినదో ఎరుగనివారము కాము. నివసించు నేల భాషను మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. ఆ భాష మనకు అన్నము పెట్టినది. దానితో పాటు ఇంటి భాషను నేర్పు బడిని అడుగుట కృతఘ్నత కాదు.

అయినను చీటి మిగులుట మేలన్న మాటకు మేము ఒప్పుకొనజాలము. కారణము చెప్పెదము. చీటి చాలునను తృప్తి, బడికై అడుగవలసిన నోటిని మూయించును. వార్షికోత్సవమునకు వచ్చిన పెద్దలు తెలుగు తీయదనమును పొగడుదురు, మనము చప్పట్లు కొట్టుదుము, శాలువ కప్పుదుము. వారు సంతోషముగా పోవుదురు, మనము సంతోషముగా ఇంటికి వత్తుము. ఆ సాయంకాలము ఎవరికిని నొప్పి కలుగలేదు, ఎముక గల వాక్యము ఒక్కటియు ఎవరి నోటను రాలేదు. ఊరి బడిలో తెలుగు ఉపాధ్యాయుని ఖాళీ మాత్రము ఖాళీగానే యుండును. పొగడ్త పుచ్చుకొని పాఠమును మరచువారి నుండి పాఠమును తీసికొనుట సులభమని పాలించువారెల్లరకు తెలియును. మన తియ్యని మాటను మెచ్చుటకు వారికేమి ఖర్చు? ఉపాధ్యాయుని నియమించుటకు ఖర్చు కలదు, పుస్తకము అచ్చువేయుటకు ఖర్చు కలదు. మన మడుగవలసినది ఖర్చుతో కూడిన ఆదరమును.

మేము కోరునది రెండు పనులు. ఒకటి యింటిది. ఈ యేటి పండుగకు ప్రతి కుటుంబమున తాతయో, అవ్వయో, మేనమామయో ఒక పిల్లవానికైనను పిల్లకైనను తెలుగులో చేతివ్రాత ఉత్తరము వ్రాయవలెను: పేరు పెట్టి, ఊరు పెట్టి, ఒక కష్టము, ఒక నిష్ఠూరము, ఒక దీవెనతో. పిల్లవానికి చదువ రానిచో తల్లిగాని తండ్రిగాని ప్రక్కన కూర్చుండి చదివి వినిపింపవలసి వచ్చును. తల్లిదండ్రులకును రానిచో, ఆ లోటు ఇంట నలుగురి యెదుట బయటపడును, అదియు మంచిదే.

రెండవది సంఘముది. ఉత్సవమునకు వచ్చు అధికారులకు, శాసనసభ్యులకు శాలువతో పాటు ఒక పట్టిక నీయవలెను. ఊరిలో తెలుగు చదువగోరు పిల్లల సంఖ్య యెంత, తెలుగు ఉపాధ్యాయుల స్థానములెన్ని, వానిలో ఖాళీలెన్ని, పుస్తకములు ఏ నెలలో చేరినవి అను వివరములు అందుండవలెను. దానిక్రింద కుటుంబముల పెద్దలందరు చేవ్రాలు చేయవలెను. మరుసటి యేడు అదే వేదికపై ఆ పట్టికనే తీసి, ఏది నెరవేరినది, ఏది నెరవేరలేదు అని బిగ్గరగా చదువవలెను. వినువారికి అది తీపిగా నుండదు. అయినను అడిగినవారి పేర్లును, అడుగబడినవారి పేరును దానిపై నుండుటచే, నవ్వి బల్లపై విడిచి పోవుట అంత సులభము కాదు.